పంది మాంసం సూపు తేటగా రావాలంటే పోపులడబ్బా మూసెయ్యండి

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల ఏడాదిగా వియత్నాంలో, హో చి మిన్ సిటీలో ఉంటున్నాం. మొన్న నాకు జ్వరమొస్తే మా ఇంటి ఓనరమ్మ బూడిద గుమ్మడికాయ ముక్కలు, పంది పక్కటెముకలు వేసిన సూపు గిన్నెడు తెచ్చి ఇచ్చింది. చూడ్డానికి వేణ్ణీళ్ళలా ఉంది, తాగితే ప్రాణం లేచొచ్చింది. తర్వాత నేను మూడుసార్లు చేశాను. మొదటిసారి కుడితి నీళ్ళలా మడ్డిగా వచ్చింది. రెండోసారి నీచు వాసన. మూడోసారి అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ధనియాల పొడి వేస్తే బాగానే కుదిరింది కానీ అది మన పంది మాంసం పులుసైపోయింది. ఫిష్ సాస్ సీసా మూత తీస్తేనే నాకు కడుపులో తిప్పుతుంది, అది వెయ్యాల్సిందేనా? కుక్కర్‌లో పెట్టొచ్చా? వచ్చే నెల మా అత్తగారు వస్తున్నారు, ఆవిడ పంది మాంసం ముట్టరు, చేపా రొయ్యా తింటారు. ఓనరమ్మ గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. ఆ సూపే చేసి ఆ గిన్నెలో పోసి ఇవ్వాలని నా పట్టుదల.
— ఒక పాఠకురాలు, హో చి మిన్ సిటీ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నవ్వుకున్నాను. ఎందుకంటే నేనూ ఆ ఊళ్ళో కొన్నేళ్ళు కాపురం చేసినదాన్నే. మీరు అల్లం వెల్లుల్లి దగ్గర ఆగారు. నేనైతే ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలతో పోపు కూడా పెట్టి, గర్వంగా పక్కింటావిడకి రుచి చూపించాను. పాపం మర్యాదస్తురాలు, గిన్నె ఖాళీ చేసింది. చేశాక అడిగింది, "ఈ నల్ల గింజలేమిటి?" అని.

మన చేతికి మాంసం తగలగానే మసాలా వైపు వెళ్ళిపోతుంది. అది తప్పేం కాదు, మన వంట అది. కానీ మీకు కావలసిన సూపు మాంసం కూర వంశానిది కాదు, చారు వంశానిది. వాళ్ళు దాన్ని ‘కాన్’ అంటారు. అన్నంతోపాటు రోజూ ఉండాల్సిన పలచటి సూపు. బయట దేశాల్లో వియత్నాం సూపు అనగానే ‘ఫో’ గుర్తొస్తుంది. అనాసపువ్వు, దాల్చినచెక్క వేసి గంటల తరబడి ఎముకలు కాచేది ఆ ఫో. అది చాలామంది బయట కొట్లో తినొచ్చేస్తారు. ఇంట్లో పొయ్యి మీద ఉండేది కాన్. ఇందులో అనాసపువ్వూ ఉండదు, దాల్చినచెక్కా ఉండదు. మాంసం, ఒక కూరగాయ, ఉప్పు, ఫిష్ సాస్, పైన కాస్త ఉల్లికాడలు, మిరియాల పొడి. అంతే. ఆలుమగలు సఖ్యంగా ఉన్న ఇంటి గురించి చెప్పాలంటే వాళ్ళు "కమ్ లాన్ కాన్ ఙోట్" అంటారు. అన్నం బాగుంది, కాన్ తియ్యగా ఉంది అని. పోట్లాడుకుంటుంటే ఆ అన్నమూ బాగాలేదు, ఆ కాన్‌లో తీపీ లేదు అంటారు.

ఆ ‘తీపి’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. అది పంచదార తీపి కాదు. ఎముకలోంచి, మాంసంలోంచి నీళ్ళలోకి దిగే కమ్మదనం. మన ఊళ్ళలో మేక కాళ్ళ సూపు తాగి "ఎంత కమ్మగా ఉంది" అంటామే, అది. మీ ఓనరమ్మ సూపులో మీకు ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది అందుకే. ఆ కమ్మదనం పల్చగా, సున్నితంగా ఉంటుంది. చెంచాడు ధనియాల పొడి పడితే చాలు, ఇక అది కనిపించదు.

ఇక మడ్డి సంగతి, నీచు వాసన సంగతి. రెండూ ఒకే చోట నుంచి వస్తాయి. పచ్చి మాంసంలోనూ ఎముకల్లోనూ మిగిలిన రక్తం, నీళ్ళలో కరిగే మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి బూడిద రంగు తెట్టులా పైకి తేలతాయి. ఆ తెట్టు తియ్యకుండా పెద్ద మంట మీద తెర్లిస్తే అది పొడిపొడిగా విరిగి, కరిగిన కొవ్వుతో కలిసి నీళ్ళంతా పాకుతుంది. ఒకసారి అలా కలిసిపోయాక వడకట్టినా తేటపడదు. మీరు మాంసం కడిగి నేరుగా ఎసట్లో వేసి ఉంటారు, పందెం కట్టి చెబుతాను.

వాళ్ళు చేసేది ఇది. అర కిలో పక్కటెముకలు (బజార్లో ‘సువన్ నాన్’ అనండి, మెత్తటి ఎముక ఉన్న లేత పక్కటెముకలు ఇస్తారు, రెండంగుళాల ముక్కలు కొట్టించండి) గిన్నెలో వేసి, మునిగేదాకా చన్నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు, ఒక అల్లం బిళ్ళ వేసి పొయ్యి మీద పెట్టాలి. చన్నీళ్ళే పొయ్యాలి. మరిగే నీళ్ళలో వేస్తే లోపలి రక్తం అంతా ఈ కాసేపట్లో బయటికి రాదు, తర్వాత సూపులో మెల్లగా బయటికొస్తుంది. నీళ్ళు కాగేకొద్దీ తెట్టు కడుతుంది. తెర్లడం మొదలయ్యాక మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళన్నీ పారబోసెయ్యండి. మనసొప్పదు, తెలుసు. సారమంతా పోతోందేమో అనిపిస్తుంది. ఈ కాసేపట్లో పోయే సారం కొంచెమే, పోవలసిన మురికి మాత్రం చాలావరకు పోతుంది. తర్వాత ఒక్కో ముక్కనీ కుళాయి కింద పట్టుకుని వేలితో రుద్ది కడగండి, ఎముక సందుల్లో అంటుకున్న గోధుమరంగు గడ్డలతో సహా. గిన్నె కూడా తోమండి. కడిగిన ముక్కల్ని మళ్ళీ అదే మురికి గిన్నెలో వెయ్యడం నేను చేసిన ఇంకో ఘనకార్యం.

ఈ సూపుకి అసలు పనంటూ ఉంటే ఇదొక్కటే. మిగతాది పొయ్యి చూసుకుంటుంది.

శుభ్రమైన గిన్నెలో లీటరున్నర నీళ్ళు, కడిగిన ముక్కలు, పొట్టు తీసి కత్తితో అణిచిన రెండు సాంబారు ఉల్లిపాయలు, అర చెంచా ఉప్పు. పొంగు రాగానే మంట బాగా తగ్గించండి. పైన ఎక్కడో ఒక బుడగ, ఇంకెక్కడో ఒక బుడగ లేవాలి, అంతకుమించి కదలకూడదు. మూత పూర్తిగా పెట్టకండి, పెడితే లోపల తెర్లిపోతుంది. మొదటి పది నిమిషాలు దగ్గరుండి ఏ కాస్త నురగ వచ్చినా గరిటెతో తీసెయ్యండి. ఆ తర్వాత వెళ్ళి మీ పని చూసుకోవచ్చు. నలభై అయిదు నిమిషాల నుంచి గంటలోపు మాంసం ఎముక నుంచి జారడానికి సిద్ధమవుతుంది. నీళ్ళు మరీ తగ్గితే వేణ్ణీళ్ళు పొయ్యండి.

కుక్కర్ అడిగారు కదా. పెట్టొచ్చు. తెలుగు ఇల్లాలిని కుక్కర్ వద్దంటే ఎవరు వింటారు? కాకపోతే మన అలవాటు ప్రకారం నాలుగు కూతలు కూయిస్తే లోపల ఆవిరి తన్నుకుని, నీళ్ళు అల్లకల్లోలమై మళ్ళీ మడ్డి అవుతుంది. మొదటి కూత వచ్చేముందే మంట సన్నగా చేసి పావుగంట ఉంచండి. కట్టేశాక ఆవిరి దానంతట అదే పోనివ్వండి, చెంచాతో వెయిట్ లేపకండి. కూరగాయ మాత్రం మూత తీశాకే వెయ్యాలి.

ఇప్పుడు బూడిద గుమ్మడికాయ. మనకి ఇది గుమ్మానికి కట్టే కాయ, దిష్టి తీసి నడివీధిలో కొట్టే కాయ, మహా అయితే వడియాల కాయ. అదే కాయ అక్కడ సూపులో చూసి మీరు కూడా ఒక్క క్షణం తెల్లబోయి ఉంటారు. వాళ్ళ ‘బీ డావ్’ బజార్లో ఎక్కువగా మోచేతి పొడుగున సన్నగా, ఆకుపచ్చగా ఉంటుంది, మన కాయలా బొద్దుగా బూడిద పూసుకుని ఉండదు. లేతది తీసుకోండి, గోరు గుచ్చితే దిగాలి. వేసవిలో ఇది చలువ చేస్తుందని వాళ్ళ నమ్మకం. చలువ, వేడి అనే లెక్క వాళ్ళకీ మనలాగే ఉంది. ఫలానాది తింటే వేడి చేస్తుంది, ఫలానాది చలువ అని మీ ఓనరమ్మ చెప్పడం మొదలుపెడితే మీ అమ్మమ్మ గుర్తొస్తుంది. జ్వరం మనిషికి ఆవిడ ఈ కాయే ఏరుకోవడం ఊరికే కాదు.

ఏడెనిమిది వందల గ్రాముల కాయకి తొక్క తీసి, గింజల గుజ్జు ముదిరి ఉంటే అది కూడా తీసేసి, వేలు మందం ముక్కలు కొయ్యండి. మాంసం ఉడికాకే వెయ్యండి. ఎనిమిది, పది నిమిషాలకి ముక్క తెలుపు పోయి గాజులా మెరుస్తుంది. అదే గుర్తు. ఆ క్షణం దాటితే కరిగి గుజ్జవుతుంది, మళ్ళీ సూపు చిక్కబడుతుంది. అప్పుడు ఫిష్ సాస్ ఒకటిన్నర పెద్ద చెంచాలు వేసి, ఉప్పు చూసి, పొయ్యి కట్టేసి, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కొత్తిమీర, అప్పుడే దంచిన మిరియాల పొడి చల్లండి. మిరియాల విషయంలో లోభించకండి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మిరియాలు ఎగుమతి చేసే దేశంలో ఉన్నారు.

ఫిష్ సాస్ గురించి మీరు నొసలు చిట్లించడం నాకు కనిపిస్తోంది. వెయ్యండి. సీసా దగ్గర ముక్కు పెట్టి దాన్ని అంచనా కట్టకండి, ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసిన విదేశీయుడు మన పప్పుచారు గురించి ఏమనుకుంటాడో అలా ఉంటుంది ఆ తీర్పు. నెత్తళ్ళ జాతి చిన్న చేపల్ని, ఇంచుమించు మూడు పాళ్ళ చేపకి ఒక పాలు ఉప్పు లెక్కన పెద్ద చెక్క తొట్లలో ఏడాది పాటు ఊరబెడితే దిగే తేట అది. వాళ్ళ మాటలో ‘నువోక్ మామ్’. ఫూ క్వోక్ దీవి, ఫాన్ థియెత్ ఊరు దీనికి పెట్టింది పేరు. ఫూ క్వోక్ పేరుని ఇంకెవరూ వాడుకోకుండా యూరోపియన్ యూనియన్ 2012లో రక్షణ కూడా ఇచ్చింది, మన బందరు లడ్డూకి ఇక్కడ భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే. సీసా మీద 30, 35, 40 అని అంకెలు ఉంటాయి, చూశారా? లీటరుకి ఎన్ని గ్రాముల నత్రజని ఉందో ఆ లెక్క, అంటే చేపలోంచి దిగిన మాంసకృత్తుల సారం ఎంతో చెప్పే కొలత. అంకె పెరిగేకొద్దీ చిక్కన, ధర కూడా. సూపుకి 30 చాలు. వెనకవైపు చేప, ఉప్పు తప్ప రంగులూ రుచుల పేర్లూ చాంతాడంత ఉంటే ఆ సీసా అక్కడే పెట్టేసి ఇంకోటి తీసుకోండి. మీ కడుపులో తిప్పినది అలాంటి చవక సరుకేమో కూడా చూసుకోండి. చివర్లో వెయ్యమన్నది ఎందుకంటే ఎక్కువసేపు మరిగితే దాని పరిమళం పోయి ఉప్పదనమే మిగులుతుంది. మొదటిసారి అర చెంచాతో మొదలుపెట్టండి, మిగతాది ఉప్పుతో సరిపెట్టండి. నాలుగోసారికి మీరే సీసా కోసం చెయ్యి చాస్తారు. ఒక్క జాగ్రత్త, నేలమీద ఒలకబొయ్యకండి. నేను ఒలకబోశాను. వారం రోజులు మా వంటింట్లోకి వీధి పిల్లులన్నీ చుట్టపుచూపుగా వచ్చిపోయాయి.

టేస్టింగ్ సాల్ట్ (అజినోమోటో) గురించి మీరు అడగలేదు కానీ అడుగుతారు. దాన్ని అక్కడ దక్షిణాదిలో పిలిచే పేరుకి అర్థం ‘తీపి పొడి’. పైన చెప్పిన కమ్మదనం తీపే. చాలామంది ఇళ్ళలో చిటికెడు వేస్తారు. ఎముకలు గంటసేపు ఉడికిన సూపుకి దాని అవసరం నాకైతే కనిపించలేదు. చిటికెడు పంచదార మాత్రం సైగాన్ (మీ హో చి మిన్ సిటీ పాత పేరే) వాళ్ళు చాలా వంటల్లో వేస్తారు, అది మీ ఇష్టం.

గంట టైమ్ లేని రోజు ఖీమాతో చేసుకోండి. నిజానికి ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు మామూలు రోజుల్లో చేసుకునేది అదే. రెండు వందల గ్రాముల ఖీమాలో చిన్న చెంచా ఫిష్ సాస్, మిరియాల పొడి, ఉల్లికాడల తెల్ల భాగం తరిగి కలిపి పది నిమిషాలు పక్కన పెట్టాలి. చెంచా నూనెలో సాంబారు ఉల్లిపాయ వేయించి, ఖీమా వేసి రంగు మారగానే లీటరు నీళ్ళు పొయ్యండి. పొంగినప్పుడు నురగ తీసి, కూరగాయ వెయ్యండి. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఇది పక్కటెముకల సూపంత తేటగా రాదు, రానక్కర్లేదు. పంది మాంసం ఏ రూపంలో ఉన్నా లోపల గులాబి రంగు మిగలకుండా ఉడకాలి, ఖీమా అయితే మరీను. ఉండలుగా వేస్తే ఒకటి చీల్చి చూడండి. అన్నట్టు, మాంసం పొద్దున్నే కొనండి. ఆ ఎండల్లో మధ్యాహ్నం దాకా బల్ల మీద ఉన్న ముక్కని ఎంత కడిగినా లాభం లేదు. అమ్మే ఆవిడని ‘చీ’ అనండి, అక్కా అని. అక్కడా మనలాగే వరస పెట్టి పిలవనిదే బేరం సాగదు.

బూడిద గుమ్మడి ఒక్కటే కాదు, ఆ బజార్లో ఆకుకూరల వరస చూస్తే మన రైతు బజారు గుర్తురావాలి మీకు. తోటకూర, బచ్చలి, సొరకాయ, బీరకాయ, కాకరకాయ అన్నీ కాన్‌లోకి వెళతాయి. మన దగ్గర పెరట్లో మల్టీ విటమిన్ మొక్క అని పెంచుతారే, చెక్కుర్మానిస్, ఆ ఆకుతో ఖీమా కాన్ అంటే వియత్నాం ఉత్తరాది వాళ్ళకి ప్రాణం. ఆకుని వెయ్యబోయే ముందు గుప్పిట్లో నలుపుతారు, తొందరగా మెత్తబడడానికి. బీరకాయ త్వరగా ఉడుకుతుంది, ఆకుకూరలు ఇంకా త్వరగా. వాటికి రెండు మూడు నిమిషాలు చాలు.

కాకరకాయ కాన్ మాత్రం విడిగా చెప్పాలి. కాయని బోలు చేసి లోపల ఖీమా, చెక్కపుట్టగొడుగులు, సన్న సేమియా లాంటి గాజు నూడుల్స్ కూరి, తేట సూపులో ఉడకబెడతారు. సైగాన్ వైపు వాళ్ళ కొత్త సంవత్సరం ‘తెత్’ పండక్కి ఇది ఉండాల్సిందే. ఎందుకంటే కాకరకాయకి వాళ్ళు వాడే ‘ఖో క్వా’ అన్న పేరు, ‘కష్టాలు గడిచిపోయాయి’ అన్నట్టు కూడా వినిపిస్తుంది. ఉగాదికి వేపపువ్వు తినే మనకి కొత్త ఏడాది నాడు చేదు ఎందుకని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. తెత్ నాటికి మీరు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటే ఓనరమ్మ వంటింట్లోకి వెళ్ళి పక్కన నిలబడి చూడండి. కూరడంలో ఒక ఒడుపు ఉంది, అది రాతలో చెప్పలేను.

మీ అత్తగారి సంగతి తేలిక. ఇదే బూడిద గుమ్మడికాయ కాన్‌ని, సొరకాయ కాన్‌ని వాళ్ళు ఎండు రొయ్యలతో కూడా చేస్తారు. సొరకాయ ఎండు రొయ్యల కూర తెలియని గోదావరి జిల్లా అత్తగారు ఉంటారా? గుప్పెడు ఎండు రొయ్యలు వేణ్ణీళ్ళలో పావుగంట నానబెట్టి, కడిగి, కాస్త దంచి, ఉల్లిపాయతో పాటు మరిగించి ముక్కలు వెయ్యండి. నానబెట్టిన నీళ్ళు వడకట్టి సూపులోనే పొయ్యండి, వాటిలోనే సగం రుచి. మీ ఇద్దరికీ పక్కటెముకలది చేసుకుంటే మాత్రం గిన్నె, గరిటె వేరుగా పెట్టండి. ఆవిడ అడగకముందే పెట్టండి.

ఎలా తినాలో కూడా చెబుతాను, ఎందుకంటే సగం నిరాశ అక్కడే పుడుతుంది. హోటల్లోలా ముందు సూపు తాగేసి తర్వాత భోజనానికి కూర్చోకండి. అన్నం, ఉప్పగా తియ్యగా ఇగిర్చిన చేపో మాంసమో ఒకటి, ఏదో ఆకుకూర, మధ్యలో పెద్ద గిన్నెలో కాన్. ఆ ఇగురు ఉప్పగా ఉంటుంది కాబట్టే ఈ సూపు చప్పగా ఉన్నా నడుస్తుంది. భోజనం చివర్లో అన్నం మీద నాలుగు గరిటెలు పోసుకుని జుర్రుకుంటారు, మన చారన్నంలాగే. మీవారికి కారం లేకపోతే ముద్ద దిగదంటారా, చిన్న పళ్ళెంలో ఫిష్ సాస్ పోసి అందులో పచ్చిమిరపకాయ చక్రాలు వెయ్యండి. ఎముక ముక్క సూపులోంచి తీసి అందులో అద్దుకుని తినడం అక్కడి పద్ధతే. సూపు తేటగానే ఉంటుంది, ఆయన నాలుకా మండుతుంది.

మిగిలితే మాంసం, నీళ్ళు మాత్రమే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, కాయ ముక్కలు ముందే తినేసి. మర్నాటికి పైన తెల్లగా కొవ్వు గడ్డకడుతుంది, చెంచాతో తీసెయ్యొచ్చు. ముక్కలు మళ్ళీ కొత్తగా వేసుకోండి. ఆ ఊరి ఉక్కకి రాత్రంతా పొయ్యి మీద వదిలేస్తే పొద్దున్నకి పులుస్తుంది.

చివరగా ఆ గిన్నె. ఆవిడ సూపు ఆవిడకే చేసి ఇవ్వాలన్న పంతం నాకు నచ్చలేదు, ఏమనుకోకండి. ముప్పై, నలభై ఏళ్ళుగా రోజూ చేస్తున్నావిడ అది. మీరు పంపింది తాగి "బాగుంది" అనడం తప్ప ఇంకేం అంటుంది? ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మన ఇంట్లో నేర్పారు కదా, మన వంటే పంపండి. నన్నడిగితే మిరియాల చారు. చింతపండు పులుపు సైగాన్ వాళ్ళకి కొత్త కాదు, వాళ్ళ పుల్లటి చేపల సూపుకి చింతపండే ఆధారం. మిరియాలు ఎలాగూ వాళ్ళవే. కారం సగానికి తగ్గించండి, వెల్లుల్లి రెండు రెబ్బలు దంచి వెయ్యండి. పోపు మాత్రం మానకండి, ఇక్కడ దాని చోటు దానిదే. ఆ నల్ల గింజలేమిటని ఆవిడా అడుగుతుంది. ఈసారి సిగ్గుపడక్కర్లేదు, పోపులడబ్బా తీసుకెళ్ళి చూపించండి.